మూడు చిల్లుల పట్టీ

విచారణ పదకొండు గంటలకి. తొమ్మిదిన్నరకే దువ్వెన సారు కుట్టుగదిలోకి వచ్చి, వెనక్కి ఓసారి చూసి, తలుపు దగ్గరగా వేశాడు.

ఆయన స్టోరు ఇన్‌చార్జి. గంటకోసారి జేబులోంచి దువ్వెన తీసి లేని జుట్టును సర్దుకుంటాడు కాబట్టి యార్డులో అందరికీ దువ్వెన సారే. ఇవాళ వచ్చి రెండు నిమిషాలైనా దువ్వెన తీయలేదు. సంగతేదో తేడాగా ఉందని కుట్టుబల్ల దగ్గరున్న అక్కకి అప్పుడే అర్థమైంది.

"కూర్చో, కూర్చో," అన్నాడు, ఆవిడ అసలు లేవకపోయినా. "ఒక్క ముక్క చెప్పి పోతాను. లోపల నిన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. ఆ గ్లౌజు పట్టీకి చిల్లులున్నాయా అని. లేవండి అను. అంతే. అబద్ధం కూడా కాదు. పైకి లేవుగా!"

"పైకి లేవు," అంది అక్క.

"అదే మరి. పైకి కనపడేదే అడుగుతారు. లోపలిది నువ్వు తవ్వుకున్నావనుకో, ఎవరు కుట్టారు అని ఇంకో ప్రశ్న వస్తుంది. కుట్టింది నేనా? నువ్వు."

"మా తమ్ముడి సంగతి?"

"వాడి సంగతి నేను చూసుకుంటాగా," అన్నాడు దువ్వెన సారు. అప్పుడు తీశాడు దువ్వెన.

ఆ యార్డులో పనంతా ఇనుప తాళ్ళతో. ఓడల మీదా, క్రేన్ల మీదా వాడిన తాళ్ళు వస్తాయి. చెడిన మేర కోసేసి, మళ్ళీ పేని, డ్రమ్ములకి చుట్టి పంపుతారు. వాడిన ఇనుప తాడుకి ఒళ్ళంతా ముళ్ళే. తెగిన తీగలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. తోలు గ్లౌజు లేకుండా దాన్ని ముట్టుకున్నవాడు రెండోసారి ముట్టుకోడు.

చిరిగిన గ్లౌజులన్నీ కుట్టుగదికి వస్తాయి. అక్క అటూ ఇటూ తిప్పి చూస్తుంది. కుట్టాలా, మార్చాలా? ఆ మాట చెప్పడం ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని. కుట్టిన ప్రతిసారీ మణికట్టు దగ్గరుండే తోలు పట్టీకి పంచ్‌తో ఒక చిల్లు కొడుతుంది. మూడు చిల్లులు పడ్డాయంటే ఆ గ్లౌజుకి నూకలు చెల్లినట్టే. అతుకు మీద అతుకు పడేకొద్దీ అరచేతిలో తోలు అంచులు పెదవుల్లా లేస్తాయి. నున్నటి తోలు మీద జారిపోవలసిన ముల్లు ఆ పెదవిలో దిగబడుతుంది. తాడు కదులుతుండగా ముల్లు దిగబడితే తాడుతోపాటు చెయ్యి కూడా వెళ్తుంది.

అందుకే పొద్దున స్టోరు కిటికీ దగ్గర గ్లౌజులు అందుకోగానే ప్రతివాడూ ముందు బొటనవేలితో పట్టీ తడుముతాడు. ఒకటి తగిలితే తొడుక్కుంటాడు. రెండు తగిలితే గొణుక్కుంటూ తొడుక్కుంటాడు. మూడు తగిలాయా, కిటికీ గట్టు మీద పెట్టేసి చేతులు కట్టుకుని నిలబడతాడు. ఫోర్‌మన్ గొంతు చించుకున్నా పనిలోకి దిగడు. ఇది ఏ కాగితం మీదా లేదు. ముందుతరం వాళ్ళు పెట్టుకున్న పంతం, వీళ్ళు వదలలేదు.

ఆరు నెలల కిందట కొత్త గ్లౌజులు రావడం ఆగిపోయింది. దువ్వెన సారు ఒక తోలు చుట్ట తెచ్చి కుట్టుబల్ల మీద పడేశాడు.

"పాత పట్టీ మీద కొత్త పట్టీ వేసి కుట్టేయ్. ఇక పంచ్‌తో పని లేదు. కావాలంటే ఇంటికి పట్టుకుపో, పిల్లలు ఆడుకుంటారు."

"నాకు పిల్లలు లేరు," అంది అక్క. "ఇది మోసం కదా సారూ?"

"మోసమేంటి, మరమ్మతు. ఏం, నీ కుట్టు మీద నీకు నమ్మకం లేదా?"

సరిగ్గా అక్కడ కొట్టాడు దెబ్బ. ఆవిడ కుట్టు తెగిందన్న మనిషి ఇరవై రెండేళ్ళలో ఒక్కడూ లేడు. ఆవిడకున్న ఆస్తంతా ఆ మాటే. నోరు మూసుకుని కుట్టింది. ఒక జత, పది జతలు, వంద జతలు. పాత పట్టీ కోసేస్తే అరచేతి కుట్టు వదులవుతుంది కాబట్టి దాన్ని అలాగే ఉంచి, పైన కొత్తది కప్పింది. మూడు చిల్లులూ లోపల చీకట్లో ఉండిపోయాయి.

తమ్ముడి జత మాత్రం ఇంటికి తెచ్చుకుని కుట్టింది. వాడిది ఎడమచేతి వాటం. యార్డు మొత్తానికి ఎడమ గ్లౌజు ముందు అరిగేది వాడికొక్కడికే. మిగతా వాళ్ళవి కలిసిపోయినా వాడిది ఎక్కడున్నా పట్టేస్తుంది. అక్క వసారాలో కూర్చుని కుడుతుంటే వాడు పక్కనే గోడకి చేరగిలబడి టీ తాగుతూ చూశాడు.

"బాగుందే అక్కా. ముసలి పెళ్ళికొడుక్కి జుట్టుకి రంగేసినట్టుంది."

"కొత్తవి అడగరా. వీటికి మూడు పడ్డాయి."

"అడిగితే ఇస్తారా? నిన్న అడిగినవాణ్ణి డ్రమ్ము నుంచి తీసి తుక్కు మోయించారు. కుట్టెయ్. నీ కుట్టు తెగదులే."

"నా కుట్టు తెగదు," అంది అక్క కూడా. అందరివీ ఒంటి దారంతో కుడుతుంది. వాడిది మైనం పట్టించి జంట దారంతో కుట్టింది. తోబుట్టువు కదా. తర్వాత ఇంకోసారి చిరిగితే అలాగే ఇంకో అతుకు వేసింది. అది ఐదోది.

పన్నెండు రోజుల కిందట, పొద్దున పది గంటలకి, తిరిగే డ్రమ్ము దగ్గర ఓ ముల్లు ఆ ఐదో అతుకు అంచులో దిగింది. తమ్ముడు చెయ్యి గుంజుకున్నాడు. అతుకు ఊడలేదు. గ్లౌజు ఊడలేదు. డ్రమ్ము ఆపేసరికి ఎడమచేతికి మూడు వేళ్ళు లేవు.

డ్రమ్ము ఆపిన మనిషి ఆ సాయంత్రం కుట్టుగది గుమ్మంలో నిలబడి చెప్పాడు. "అది పుటుక్కున ఊడితే చెయ్యి బయటికొచ్చేసేది అక్కా. తాడు తెగేలా ఉంది కానీ ఆ కుట్టు తెగలేదు."

మెచ్చుకుంటున్నాడో తిడుతున్నాడో ఆయనకే తెలియదు. అక్కకి తెలుసు.

ఇప్పుడు విచారణ. లెక్క సులువు. గ్లౌజు మంచిదైతే తప్పు మనిషిది. తప్పు మనిషిదైతే ఆ మనిషి ఇక ఇంటికే.

*

పదిన్నరకి గేటు దగ్గర తమ్ముడు కనిపించాడు. పక్కన మరదలు. ఎడమచెయ్యి మోచేతిదాకా తెల్లటి కట్టు. పన్నెండు రోజుల్లో చొక్కా వదులైపోయింది.

"తిన్నావురా?"

"తినిపిస్తోంది," అన్నాడు పెళ్ళాం వైపు గడ్డం చూపించి. "చంటిపిల్లాణ్ణయిపోయాను."

మరదలు నవ్వలేదు. నేల చూస్తోంది.

అక్క వాణ్ణి పక్కకి లాగి గొంతు తగ్గించింది. "విను. లోపల నేను నిజం చెప్పేస్తాను. పట్టీ విప్పి చూపిస్తాను. నన్ను పంపేస్తే పంపేయనీ. నీ ఉద్యోగం పోకూడదు."

వాడు ఆవిడ మొహంలోకి చూడలేదు. గేటు కమ్మీ వైపు చూస్తూ అన్నాడు. "అక్కా, నువ్వేం మాట్లాడకు."

"నీకేం తెలీదు, ఊరుకో."

"చెప్తున్నాగా. చిల్లులు లేవని చెప్పి బయటికొచ్చేయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను."

అక్క కళ్ళు చెమర్చాయి. ఇంత జరిగినా వీడు నా ఉద్యోగం గురించే ఆలోచిస్తున్నాడు అనుకుంది. మరదలు ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. తమ్ముడు ఒక్క చూపు చూశాడు. ఆ నోరు మూతపడింది. అది కూడా అక్క చూసింది. చూసి, నొప్పి భరించలేక విసుక్కుంటున్నాడు అనుకుంది.

*

విచారణకి పై ఆఫీసు నుంచి వచ్చినావిడ సన్నగా, పొడుగ్గా ఉంది. అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు. పొడుగు బల్ల మీద గ్లౌజుని ఒక పళ్ళెంలో పెట్టారు. నెత్తురు ఎండి నల్లబడింది. బల్లకి ఒక పక్క దువ్వెన సారు, ఇంకో పక్క కుర్చీలో తమ్ముడు.

"ఈ గ్లౌజు పట్టీకి చిల్లులున్నాయా?"

"పైకి లేవండి," అంది అక్క.

దువ్వెన సారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"పైకి అంటే?"

అక్క కొంగుముడి విప్పి ఆరె బయటికి తీసింది. తోలు పొడిచే సూదిమొన పరికరం. ఇంట్లో మనిషిలా ఎప్పుడూ ఆవిడతోనే ఉంటుంది. "విప్పి చూపించమంటారా?"

"మేడమ్, అది సాక్ష్యం, దాన్ని పాడుచేయకూడదు," అని లేచాడు దువ్వెన సారు. "అసలది ఎవరి గ్లౌజో, ఏ జతలోదో..."

"ఎవరిదా?" అక్క ఆయన వైపు తిరిగింది. "ఎడమ అరచెయ్యి ఇంతలా అరిగేది ఈ యార్డులో ఇంకెవరికుంది సారూ? మీకా? మీకు అరిగేది దువ్వెన ఒక్కటే."

గుమ్మంలో నిలబడ్డ ఫోర్‌మన్ దగ్గు నటించాడు. బల్ల దగ్గరున్నావిడ తలూపింది. "విప్పండి."

ఆరె మొన కుట్టు కిందికి దూరింది. ఒక్కో కుట్టూ లేస్తోంది. తన చేతి కుట్టు తనే విప్పడం ఆవిడకి అదే మొదటిసారి. గట్టిగా ఉంది. పాపిష్టిది, చాలా గట్టిగా ఉంది. చివరి కుట్టు ఊడగానే పై పట్టీ పక్కకి ఒరిగింది. కింద పాత పట్టీ. దాని మీద వరసగా మూడు చిల్లులు.

"మూడు పడ్డాక ఇంకో రెండు అతుకులు వేశాను. మొత్తం ఐదు. ఈ గ్లౌజు మార్చాల్సింది. మా వాడి తప్పేం లేదు. పట్టీలు కప్పమని చెప్పింది ఈయన. వందల జతలున్నాయి ఇలాంటివి, స్టోరులో ఏది విప్పినా ఇదే కథ."

బల్ల దగ్గరున్నావిడ దువ్వెన సారు వైపు చూసింది.

"మీరు చెప్పారా?"

"నేనా? అతుకులకి తోలిచ్చానండి. ఆవిడ దాంతో ఏం కుట్టిందో నాకేం తెలుసు? నేను చెప్పినట్టు ఏదైనా కాగితం ఉందేమో అడగండి."

కాగితం లేదు. ఆ యార్డులో అలాంటి మాటలెప్పుడూ కాగితం మీదికి రావు.

విచారణకొచ్చినావిడ తమ్ముడి వైపు తిరిగింది. "మీ గ్లౌజు ఇలా ఉందని మీకు తెలుసా?"

తెలుసని చెప్తే చాలు. వసారాలో టీ తాగుతూ చూశానని, అడిగినవాళ్ళ చేత తుక్కు మోయిస్తున్నారని చెప్తే చాలు. అక్క వాడి మొహం వైపే చూస్తోంది. చెప్పరా అన్నట్టు తల కూడా ఊపింది.

తమ్ముడు కట్టు వైపు చూసుకున్నాడు.

"తెలీదండి. అక్క ఇంటికి తీసుకెళ్ళి కుట్టి తెచ్చింది. కొత్తవి తీసుకుంటానంటే వద్దంది. నా కుట్టు తెగదు అంది."

అక్కకి మొదట మాటలు వినపడ్డాయి, అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇంటికి తీసుకెళ్ళడం నిజం. కుట్టడం నిజం. నా కుట్టు తెగదు అన్నది కూడా నిజమే. నిజాలన్నీ ఏరి ఎంత అందంగా పేర్చాడు! మధ్యలో ఒకే ఒక్క అబద్ధం. అతుకు కూడా కనపడలేదు.

దువ్వెన సారు ఈసారి ప్రశాంతంగా తల దువ్వుకున్నాడు.

*

ఆ సాయంత్రమే అక్కని పనిలోంచి తీసేశారు. మర్నాడు పొద్దున తన దిండూ, మైనం ముద్దా తెచ్చుకుందామని కుట్టుగదికి వెళ్ళింది. ఆవిడ కుర్చీలో తమ్ముడున్నాడు.

ముందు బల్ల మీద రెండు డబ్బాలు. కుట్టేవి ఒకటి, మార్చేవి ఒకటి. మార్చేవాటి డబ్బా ఖాళీగా ఉంది. పక్క బల్ల దగ్గర ఎవరో కొత్తామె వేలికి గుచ్చుకుని చీకుతోంది.

"దువ్వెన సారు ఆస్పత్రికి వచ్చాడు కదూ?" అంది అక్క.

"మూడో రోజే వచ్చాడు." వాడు లేవలేదు. "కూర్చుని చూసే పని, ఒంటిచేత్తో అవుతుందన్నాడు. నువ్వు నోరు మూసుకునుంటే నీ పనీ ఉండేది. నీ పక్కనే ఇంకో కుర్చీ వేస్తానన్నాడు. మాట్లాడొద్దని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. విన్నావా?"

"ఈ కుర్చీ కోసమా?"

"నీకు పది వేళ్ళున్నాయి అక్కా. ఎక్కడైనా బతుకుతావు. నా సంగతేంటి?" కట్టు ఎత్తి చూపించాడు. "అయినా ఈ చెయ్యి ఎవరి కుట్టు వల్ల పోయిందో నేను బయట ఎవరికీ చెప్పట్లేదు. సంతోషించు."

అక్క దిండు చంకలో పెట్టుకుంది. మైనం ముద్ద కొంగులో వేసుకుంది. చెయ్యి ఆవిడ కుట్టు వల్లే పోయిందన్న ఆ ఒక్క ముక్క మాత్రం నిజం. అది దువ్వెన సారుకీ తెలుసు, వీడికీ తెలుసు. దాని మీదే ఇద్దరూ కూర్చున్నారు.

*

నెల తర్వాత ఓ మధ్యాహ్నం మరదలు పెద్ద మూట మోసుకుంటూ వచ్చింది. గుమ్మంలో దింపి, లోపలికి రమ్మనేదాకా అక్కడే నిలబడింది.

"ఏమిటే అది?"

"గ్లౌజులు వదినా. పద్నాలుగు జతలు. ఆ కొత్తామె కుట్టు వారానికే ఊడుతోంది. అరచేతులకి అతుకులేసి, పైన పట్టీ కప్పి ఇమ్మన్నారు. రేపు పొద్దున షిఫ్టుకి ముందే కిటికీలోకి అందాలి."

"పట్టీ కప్పాలా? ఇంకానా?"

"నువ్వొక్కదానివే అలా చేశావని రాసుకుని వెళ్ళిపోయారుగా పై ఆఫీసు వాళ్ళు. కొత్తవి మాత్రం రాలేదు." మరదలు కొంగుతో మొహం తుడుచుకుంది. "మార్చాలని ఒక్క జత పక్కన పెట్టినా కుర్చీ తీసేస్తానంటున్నాడు ఆ దువ్వెనగాడు. ఈయన రోజూ అన్నీ కుట్టే డబ్బాలోనే వేసి వస్తున్నాడు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాడు."

"వాడు పంపాడా నిన్ను?"

"అడగడానికి మొహం చెల్లక నన్ను పంపాడు. వద్దంటే చెప్పు, తీసుకుపోతాను."

అక్క మూట విప్పింది. మొదటి జత చేతిలోకి తీసుకుని, ఊడి వేలాడుతున్న పై పట్టీ తప్పించి, బొటనవేలితో పాత పట్టీ తడిమింది. మూడు. రెండో జత. మూడు. పద్నాలుగూ అంతే. ఒకదానిలోపల చెమట తడి ఇంకా ఆరలేదు. పొద్దున్నే ఎవడో తొడుక్కున్నాడు. రేపు మళ్ళీ తొడుక్కుంటాడు.

"ఏమంటావు వదినా?"

"రేపు పొద్దున గేటు దగ్గరికి నేనే తెస్తాను. నువ్వెళ్ళు."

మరదలు చేతులు పట్టుకోబోయింది. అక్క అప్పటికే దారం తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుంది.

సాయంత్రందాకా కుట్టింది. అరచేతుల అతుకులన్నీ ఒంటి దారంతో వేసింది, మైనం పట్టించకుండా. ఒక్కోటీ పూర్తవగానే అతుకు అంచు పట్టుకుని గట్టిగా లాగి చూసింది. ఊడిన వాటిని మళ్ళీ అలాగే వేసింది. ఊడనివి విప్పి, ఊడేలా వేసింది. జీవితంలో మొదటిసారి తెగే కుట్టు కుట్టడం నేర్చుకుంటోంది. పట్టీలు మాత్రం ఎంతో పొందికగా కప్పింది. మెరుస్తున్నాయి.

తర్వాత లేచి బీరువా కింది అరలోంచి పంచ్ తీసింది.

*

పొద్దున ఆరూ నలభైకి, గేటు దగ్గర అక్క ఇచ్చిన మూటని మరదలు లోపలికి తీసుకెళ్ళి కిటికీలోకి అందించింది. అక్కకి లోపలికి ప్రవేశం లేదు. గేటు కమ్మీ పట్టుకుని బయటే నిలబడింది. అక్కణ్ణుంచి స్టోరు కిటికీ సూటిగా కనపడుతుంది.

తమ్ముడు మూటముడి పంటితో విప్పాడు. వరసలో జనం తోసుకుంటున్నారు. మొదటి జత తీసి చూడకుండానే ఇచ్చేశాడు. అక్క కుట్టింది కదా, చూడక్కర్లేదని.

ముందున్నవాడు డ్రమ్ము ఆపిన మనిషి. అలవాటుగా బొటనవేలు పట్టీ మీదికి పోయింది. ఆగింది. ఇంకోసారి తడిమాడు. ఆ జతని కిటికీ గట్టు మీద పెట్టి, పక్కకి జరిగి, చేతులు కట్టుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు తమ్ముడు.

"మూడున్నాయి."

"ఉండవు. కొత్త పట్టీలవి."

"కొత్త పట్టీకే ఉన్నాయి. చూసుకో."

రెండోవాడు తడిమాడు. పెట్టేశాడు. మూడోవాడు. నాలుగోవాడు. గ్లౌజులు గట్టు మీద గుట్టగా పేరుకుంటున్నాయి. ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. వెనకే దువ్వెన సారు. "ఏంట్రా ఇది, ఎవడు కొట్టాడు చిల్లులు?" అని అరుపు గేటుదాకా వినపడింది. పద్నాలుగు మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. డ్రమ్ములు తిరగలేదు.

"ఎంత పని చేశావు వదినా!" మరదలు కిటికీ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి గేటు అవతల నిలబడింది. "ఆయన కుర్చీ పోతుంది."

"పోతుంది," అంది అక్క.

కిటికీలో తమ్ముడు ఒక గ్లౌజు ఎత్తాడు. పట్టీ వైపు చూడలేదు. అరచేతి అతుకు అంచుని మిగిలిన రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. పుటుక్కున ఊడి చేతిలోకి వచ్చేసింది. వాడలాగే దాన్ని చూస్తూ ఉండిపోయాడు. దువ్వెన సారు ఏదో అరుస్తూ వాడి భుజం పట్టి ఊపుతున్నాడు. వాడికి వినపడుతున్నట్టు లేదు.

తలెత్తి గేటు వైపు చూశాడు.

అక్క చూపు తిప్పుకోలేదు. వాడు ముందు దించుకుంటాడేమోనని చూసింది. దించుకోలేదు. కాసేపటికి ఆవిడే కమ్మీ వదిలేసి, అరచేతులకంటిన తుప్పు చీరకి తుడుచుకుని, ఇంటిదారి పట్టింది.